దొడ్లోకి పిట్టలు, సీతాకోకచిలుకలు రావాలంటే ఏం నాటాలి? (నెల్లూరు, ఒంగోలు వాళ్ళు చెప్పండి)

వేదాయపాళెం కొత్తిల్లు:
ఇల్లు కట్టగా వెనక 6 అంకణాలు మిగిలింది. నన్ను అడక్కుండానే మేస్త్రీ సగానికి సిమెంటు పోసేశాడు. మా వీధిలో ప్రతి గేటు ముందూ కోనోకార్పస్సే. గోడలా పచ్చగా ఉంటుంది గానీ దాని మీద పిట్ట వాలగా నేను చూడలేదు. ఏ మొక్కలు నాటాలి? నీళ్ళ తొట్టి పెడితే దోమలు రావా? పక్కింటాయన "పురుగూ పుట్రా చేరతాయి" అంటున్నాడు, ఆయన్ని ఎట్లా ఒప్పించాలి?

కరివేపాకు అక్క, కావలి:
పురుగు పేరెత్తారు కాబట్టి నా బాధ చెప్తా. మా కరివేపాకు మీద కాకిరెట్ట లాంటి మచ్చలు కనిపించాయి. దులపబోతే కదిలాయి! భయపడి మందు కొట్టించా. రెండోసారి మా అమ్మాయి కొట్టనివ్వలేదు. ఆ రెట్టే కొన్నాళ్ళకు ఆకుపచ్చ పురుగైంది. ముట్టుకుంటే నెత్తిన నారింజరంగు కొమ్ములు చాపి కంపు కొట్టింది. తర్వాత గూడు, అందులోంచి నలుపూ పసుపూ సీతాకోకచిలుక. ముందుసారి ఎన్నిటిని చంపానో అని ఏడుపొచ్చింది. ఇప్పుడు రెండు చెట్లున్నాయి. ఒకటి పోపుకి, ఒకటి వాటికి.

రిటైర్డ్ ఏఓ:
అమ్మా, ఆ పురుగు ఎంత ముద్దొస్తుందో పొదలకూరు వైపు నిమ్మ రైతును అడగండి. లేత మొక్కల్ని బోడి చేసి వదిలిపెడుతుంది. వ్యవసాయాధికారిగా 31 ఏళ్ళ సర్వీసు నాది. కాస్త మోనో (మోనోక్రోటోఫాస్ పురుగుమందు) కొడితే పీడా పోతుంది.

మిద్దెతోట తమ్ముడు, దర్గామిట్ట:
సార్, కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకూడదని 2005లోనే నిషేధం వచ్చింది. కరివేపాకు కోసి నేరుగా పోపులో వేసేది. ఇదా మీ సలహా?

రిటైర్డ్ ఏఓ:
నా సర్వీసంత ఉండదు నీ వయసు. నేను చెప్పింది నిమ్మతోటకు.

మిద్దెతోట తమ్ముడు:
పైన "అమ్మా" అని ఉంది సార్, "రైతూ" అని లేదు.

చిత్తూరు బావ:
6 అంకణాలంటే 216 చదరపు అడుగులు. దాంట్లో తోటేంది?

వేదాయపాళెం కొత్తిల్లు:
మీ అంకణం 36, మా నెల్లూరు అంకణం 72. ఇప్పుడు లెక్కేసుకోండి. అసలు సంగతికి రండయ్యా.

రిటైర్డ్ ఏఓ:
సరే, రెండు చెట్లకైతే చేత్తో ఏరుకోవచ్చు, మందు అక్కర్లేదు. ఇంకొకటి. సొర పిందెలు పసుపెక్కి రాలుతున్నాయని మొత్తుకుంటుంటారు గదా. సొర పువ్వు పొద్దుగూకాక విచ్చుతుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి అంటించాలి. అవి రాకపోతే మగపువ్వు కోసి ఆడపువ్వుకు మనమే అద్దాలి.

మిద్దెతోట తమ్ముడు:
అంటే పురుగులు కావాలన్నమాట.

రిటైర్డ్ ఏఓ:
అదీ ఇదీ ఒకటి కాదు.

ఒంగోలు ఉప్పునీళ్ళు:
మీకు పెన్న ఉంది, ఎన్నయినా చెబుతారు. మా బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేం. గులాబీలు మూడుసార్లు మాడిపోయాయి. చివరికి ప్రహరీ పక్కన జిల్లేడు తనంతట తానే మొలిచింది. దాని మీద చారల పురుగులు, తర్వాత నారింజరంగు సీతాకోకచిలుకలు! మా అత్త మాత్రం కొంప పాడైపోతుందని రోజూ పోరు.

మూలాపేట భక్తుడు:
మీ అత్తగారు చెప్పింది నిజం. జిల్లేడు ఇంట్లో ఉండకూడదు.

ఒంగోలు ఉప్పునీళ్ళు:
రథసప్తమికి నెత్తిన ఏడు జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తారు గదా, అవి ఎవరి కొంప దగ్గర కోసుకొస్తారు?

మూలాపేట భక్తుడు:
వెటకారం వద్దు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలున్న ఇల్లు.

ఒంగోలు ఉప్పునీళ్ళు:
ఆ ముక్క ముందే అంటే పోయేదిగా. మాకు చిన్నపిల్లలు లేరు. ఉండనిస్తా.

స్టోన్‌హౌస్‌పేట వడ్లకుచ్చు:
ఇన్ని తిప్పలు ఎందుకు? వసారాలో వరికంకుల కుచ్చు వేలాడదీయండి. మా ఇంట్లో 12 పిచ్చుకలు, పొద్దున్నే ఒకటే గోల.

కరివేపాకు అక్క, కావలి:
పెద్దవాటికి కుచ్చు సరే. గూట్లో పిల్లలకు మెత్తటి పురుగులు తెచ్చి పెట్టాలి. వీధంతా మందు కొడితే వాటి గతేంది?

స్టోన్‌హౌస్‌పేట వడ్లకుచ్చు:
పురుగు పురాణం మళ్ళీ మొదలు.

మిద్దెతోట తమ్ముడు:
దోమల సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు రోజులకోసారి తొట్టి ఒంపేసి, లోపలి అంచులు కొబ్బరిపీచుతో రుద్దండి. డెంగీ దోమ గుడ్లు అంచులకే అంటుకుని ఉంటాయి. ఇంకో మాట, హైదరాబాద్ వాళ్ళ వీడియోలు చూసి జూన్‌లో నాటకండి. మనకప్పుడు ఎండే. అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో.

వేదాయపాళెం కొత్తిల్లు:
పక్కింటాయన సంగతి ఎవరూ తేల్చలేదు, పోనీండి. రేపు సిమెంటు పగలగొట్టిస్తున్నా. పోసినదానికన్నా తీసేదానికే మేస్త్రీ ఎక్కువ అడిగాడు! కావలి అక్కా, మీ కరివేపాకు కింద పిలకలుంటే ఒకటి ఇస్తారా?

కరివేపాకు అక్క, కావలి:
ఆదివారం రండి. పోపు చెట్టుదా, పురుగుల చెట్టుదా?

వేదాయపాళెం కొత్తిల్లు:
పురుగులదే ఇవ్వండక్కా. పక్కింటాయన కంటపడకుండా సంచిలో తెచ్చుకుంటా.