అప్‌డేట్: ఓవర్‌టైమ్ లెక్క తేలింది, ఇంకో తప్పు దొరికింది

పోయిన వారం అడిగింది నేనే. బెంగళూరులో కూర్చుని అమెరికా ప్రభుత్వ నిర్మాణ పనుల కార్మికుల జీతాలు లెక్కకడుతున్నాను, డేవిస్-బేకన్ చట్టం (అలాంటి పనుల్లో, ఆ ప్రాంతంలో ఆ పనికి నడిచే వేతనానికి తగ్గకుండా ఇవ్వాలనే అమెరికా చట్టం) వర్తించే చోట ఓవర్‌టైమ్‌ను దేనిమీద లెక్కించాలని. జవాబిచ్చినవారికి ధన్యవాదాలు, తప్పు మాదే.

మూల వేతనం గంటకు 30 డాలర్లు, ఆరోగ్య బీమా, పింఛను లాంటి అదనపు ప్రయోజనాల కింద 10 అనుకోండి. మేము మొత్తం 40ని ఒకటిన్నరతో గుణించి 60 వేశాం. నిజానికి ఒకటిన్నర రెట్లు 30కే. ఆ 10 నగదుగా ఇచ్చినా విడిగానే కలపాలి. అంటే 55.

“ఎక్కువే ఇచ్చాం కదా” అని మేనేజర్ గారు నవ్వేశారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వారపు జీతాల పట్టికలు తిరగేస్తే, రోజంతా వడ్రంగి పని చేసిన ఒకాయనను మామూలు కూలీగా చూపించారు. రేటు చేసిన పనిని బట్టే, రాసిన హోదాను బట్టి కాదు. ఆయన బకాయి లెక్క రేపు పంపుతున్నాను.