సీమకు ఫ్యాక్టరీలు కావాలా, రైతు కంపెనీలా?

పత్తికొండ పిల్లోడు:
మా మండలంలో ఎఫ్‌పీఓ (రైతులే వాటాదారులుగా ఉండే ఉత్పత్తిదారుల సంఘం) పెడదామని ఒక ఎన్జీవో వాళ్లు తిరుగుతున్నారు. 2020లో కేంద్రం పెట్టిన పదివేల ఎఫ్‌పీఓల పథకం కింద. మైదాన ప్రాంతంలో 300 మంది రైతులు చేరితే చాలట, నిర్వహణ ఖర్చుకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తారట. మా నాయన మాత్రం సంఘాలతో ఏమీ కాదు, ఫ్యాక్టరీ రావాలి అంటాడు. చేరమంటారా?

పెనుకొండ రోడ్డు:
మీ నాయన మాటే రైటు. 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఇక్కడ అద్దె ఇళ్లు, మెస్సులు, ట్రావెల్స్ ఎన్ని లేచాయో వచ్చి చూడు. సంఘం మీటింగులో టీ, బిస్కెట్లు తప్ప ఏముంటుంది?

ఓర్వకల్లు కోడలు:
అంత తేలిగ్గా తీసేయకు తమ్ముడూ. మా ఊళ్లో పొదుపు గ్రూపులన్నీ కలిసిన పొదుపు లక్ష్మి ఐక్య సంఘాన్ని ఆడవాళ్లే నడుపుతున్నారు, బాలభారతి స్కూలు కూడా వాళ్లదే. నెలనెలా సొంత డబ్బు కట్టారు కాబట్టే నిలబడింది. ఒకావిడ కంతు ఎగ్గొడితే గ్రూపంతా పోయి ఆమె గడపలో కూర్చుంటుంది. (అది ప్రతిసారీ మంచిదే అనను, ఆ గొడవ వేరే.)

లెక్కల పుస్తకం:
ఒక టమాటా ఎఫ్‌పీఓకు లెక్కలు రాశాను. అక్కడ సభ్యులే మాకు సరుకు ఇవ్వలేదు. మోసం కాదు. నారుకు, మందులకు పంట మొదట్లోనే మండీ ఆసామి అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. కోత రోజు తెల్లారుజామున గంపలు ఆటోకెక్కితే అది ఆయన షాపుకే పోతుంది. కమీషన్, హమాలీ పోగా ‘జాక్‌పాట్’ అని ఆసామి డబ్బివ్వకుండా పక్కన పెట్టుకునే గంపలు వేరే. రైతుకు అన్నీ తెలుసు, అయినా ఏం చేస్తాడు? గ్రాంటు జీతాలకు, ఆఫీసు అద్దెకే సరిపోయింది, మా చేతిలో అడ్వాన్సుకు పైసా లేదు.

ఇక ఫ్యాక్టరీ సంగతి. కార్ల కంపెనీ టమాటాలు కొనదు కదా! అలాగని కంపెనీలు వద్దనను. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై పోర్టుకు అరటి రైలు పోయింది. రైతులు పండించారు, ఎగుమతిదారులు ప్యాక్ చేశారు, రైల్వే మోసింది. ఏ ఒక్కరూ సొంతంగా చేయగలిగే పని కాదది. సీమకు కావాల్సింది ఇట్లాంటి పొత్తే. కాబట్టి చేరు. కానీ సంతకం పెట్టే ముందు అడ్వాన్సు ఫండ్ ఎక్కడిదో అడుగు. జవాబు లేకపోతే వాటా డబ్బులు కట్టొద్దు.

పెనుకొండ రోడ్డు:
సరే అన్నా, మూడేళ్లయ్యాక సీఈఓ జీతం ఎవరిస్తారు?

లెక్కల పుస్తకం:
అమ్మిన సరుకు మీద వచ్చే మార్జిన్‌లోంచే రావాలి. రాకపోతే ఆఫీసుకు తాళమే.