నాలుగైదేళ్ల పిల్లలతో అక్షరాల ఆట: లాగే చోటే ఎందుకు ఆగిపోతున్నారు?

పలకాబలపం:
ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల కోసం తెలుగు అక్షరాల ఆట తయారుచేస్తున్నాం. 8 అంగుళాల ఆండ్రాయిడ్ టాబ్లెట్. శబ్దం వినాలి, తెర అడుగున వరుసగా ఉన్న మూడు అక్షరాల్లో సరైనదాన్ని వేలితో పైకి లాగి బుట్టలో వెయ్యాలి. బడిలో ఆడిస్తే చాలామంది రెండో మూడో అక్షరం దగ్గరే వదిలేస్తున్నారు. కొందరు కావాలనే తప్పుది లాగుతున్నారు. "బాగుందా?" అంటే మాత్రం అందరూ బాగుందనే అంటారు. అక్షరం రాకనా, ఆట నచ్చకనా, వేలు కుదరకనా? విడదీసి చూడటం ఎలాగో చెప్పండి.

గోరింటాకు:
ముందు వేలి సంగతి తేల్చండి. అక్షరాల బదులు ఎరుపు, పసుపు, నీలం బంతులు పెట్టి అదే ఆట ఆడించండి. "ఎర్ర బంతి బుట్టలో వెయ్యి" అంతే. రంగులు తెలిసిన పిల్లలు ఇక్కడా ఆగిపోతే చిక్కు అక్షరాలతో కాదు, లాగడంతో.

మీరు చెప్పిన అమరికలోనే ఒక చిక్కు కనిపిస్తోంది. టాబ్లెట్ జెశ్చర్ నావిగేషన్‌లో (కింద బటన్లు లేకుండా, వేలితో జరిపి నడిపే పద్ధతిలో) ఉంటే, అడుగు అంచు నుంచి పైకి లాగడమంటే హోమ్‌కి వెళ్లమని చెప్పడమే. వేలు కాస్త కిందుగా మొదలైతే ఆటే మాయమైపోతుంది. వరుసను అంచుకు కనీసం 3 సెంటీమీటర్లు పైకి జరపండి. ఆట దాటి బయటికి పోకుండా సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ ఆన్ చేసి, ఆటను పిన్ చెయ్యండి.

వేలితో తాకే వస్తువుకు ఆండ్రాయిడ్ చెప్పే కనీస కొలత 48 డీపీ (తెర కొలతల యూనిట్), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. ఈ వయసు వేళ్లకు అది చాలదు, 2 సెంటీమీటర్లు ఇవ్వండి. తెర మీద స్కేలు పెట్టి కొలుచుకోండి. ఇంకోటి, లాగుతుండగా మధ్యలో వేలు లేస్తుంది. అప్పుడు అక్షరం గభాల్న మొదటి చోటికి వెళ్లిపోతే, సరైనదే పట్టుకున్న పిల్లవాడు కూడా 'ఇది తప్పు కాబోలు' అనుకుని వదిలేస్తాడు. వేలు లేచిన చోటే అక్షరాన్ని రెండు మూడు సెకన్లు ఉంచండి. లాగడం రానివాళ్లకు అక్షరాన్ని ఒకసారి, బుట్టను ఒకసారి తాకినా పడేలా పెట్టండి.

డెవలపర్ ఆప్షన్స్‌లో 'షో టాప్స్' (తాకిన చోటల్లా చుక్క చూపేది) ఆన్ చేసి తెర రికార్డు చెయ్యండి. టాబ్లెట్ పట్టుకున్న ఎడమ బొటనవేలు అంచున ఒక చుక్కగా కదలకుండా కనిపిస్తుంది. మీ కోడు మొదటి స్పర్శనే లెక్కలోకి తీసుకుంటుంటే ఆ బొటనవేలే మొదటిది, లాగే వేలికి స్పందనే ఉండదు. అక్షరం మీద మొదలైన స్పర్శనే పట్టుకోవాలి.

చుక్చుక్‌రైలు:
గోరింటాకు గారు చెప్పినవి సరిచేశాకే 'నచ్చిందా' జోలికి వెళ్లండి. పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని అడిగితే ఈ వయసు పిల్లలు అవుననే అంటారు. ఐదు ముఖాల స్మైలీ చార్టు ఇచ్చినా పెద్ద నవ్వునే చూపిస్తారు. దానికంటే 'మళ్లీ ఆడతావా' పద్ధతి నయం: మీ ఆట బొమ్మ, పిల్లలకు అలవాటైన ఇంకో రెండు ఆటల బొమ్మలు కార్డుల మీద పెట్టి "ఇప్పుడు ఏది ఆడదాం?" అనండి. ఎంచుకున్నది నిజంగా ఆడనివ్వాలి, అదే ముఖ్యం.

పక్కన, కాస్త వెనగ్గా కూర్చోండి. ఎదురుగా ఉంటే ప్రతి అక్షరానికీ మీ ముఖం చూసి జవాబు పట్టేస్తారు. ఇద్దరు స్నేహితుల్ని కలిపి కూర్చోబెడితే, ఒకరికొకరు చెప్పుకునే మాటల్లోనే ఎక్కడ అర్థం కాలేదో బయటపడుతుంది. 10–15 నిమిషాలకు మించొద్దు.

కావాలని తప్పు లాగుతున్నారంటే తప్పుకు ఏం జరుగుతోందో చూడండి. బుట్ట ఎగిరి 'టుయ్‌' అంటే చప్పట్లకన్నా అదే సరదా. తప్పు వేసినప్పుడు ఆ అక్షరం తన శబ్దం తాను పలికి మెల్లగా వెనక్కి రావాలి, అంతకుమించి ఏమీ వద్దు. సందడంతా సరైనదానికే ఉంచండి.

పలకాబలపం:
ఇద్దరికీ ధన్యవాదాలండి. మరి అక్షరం నిజంగా వచ్చిందని ఎలా తేల్చాలి? ఎంతమంది కావాలి?

గుణింతం:
మూడింట్లో ఒకటి ఎంచుకోవడమంటే గుడ్డిగా లాగినా మూడోవంతు సరైపోతాయి. ఒక్కో అక్షరాన్ని ఐదుసార్లు అడిగి, నాలుగైనా సరైతేనే వచ్చినట్టు లెక్క. ఊహతో అలా కుదిరే అవకాశం 4.5 శాతమే. రెండే అక్షరాలు పెడితే అది 19 శాతానికి దగ్గరవుతుంది. స్థానాలు మారుస్తూ ఉండండి, ఎప్పుడూ కుడి చివరిదే లాగే పిల్లలుంటారు.

పక్కన పెట్టే అక్షరాల్ని బట్టి కష్టం మారిపోతుంది. 'మ' కోసం 'గ', 'ల' పక్కన పెడితే తేలిక, 'వ', 'ప' పెడితే అసలు పరీక్ష. ద–ధ–థ, బ–భ జంటల్లో చిన్న గీత తేడాయే కాబట్టి తెర మీద అక్షరం ఎత్తు 2 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. ఇక్కడ తప్పు చెవిదీ కావచ్చు: మహాప్రాణాలు (ధ, భ లాంటి ఒత్తి పలికేవి) టాబ్లెట్ స్పీకర్లో సరిగా తేలవు. ముందు పెద్దవాళ్లకు వినిపించి, వాళ్లు తేడా పట్టలేని రికార్డింగ్ తీసెయ్యండి.

ఆటకు ముందూ, వారం తర్వాతా తెర లేకుండా అట్టముక్కల మీద రాసిన అక్షరాలతో అడగండి. ఆటలో వచ్చి అట్ట మీద రాకపోతే బుట్టా రంగులూ గుర్తున్నాయంతే.

లోపాలు పట్టడానికి విడతకు ఐదుగురు చాలు. సరిచేసి, కొత్త ఐదుగురిని పిలవండి. నేర్చుకున్నారా అన్నదానికి మాత్రం ఐదుగురు చాలరు, పూర్తి తరగతి కావాలి. ఇక 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కాగితం మీద తెలుగులో రాయించి సంతకం తీసుకోండి. వీడియోలో ముఖం కాకుండా చేతులూ తెరా మాత్రమే పడేలా కెమెరాను పైనుంచి బిగించండి. పిల్లలు "ఇక చాలు" అంటే, అనుమతి కాగితం చేతిలో ఉన్నా ఆట అక్కడితో ఆపెయ్యాలి.