అసోసియేషన్‌ని తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం, గుంటూరు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు ఏంటో వాళ్ల నాయనమ్మకి అర్థమయ్యేలా తెలుగులో రాద్దామని కూర్చుని, అసోసియేషన్ అనే ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. రెండు విషయాలు కలిసి మారుతూ కనిపించడాన్ని స్టాటిస్టిక్స్‌లో అలా అంటారు, ఒకదానివల్ల ఇంకోటి వస్తుందని కాదు.

సంగతి ఇదీ. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య పరిశోధన కోసం 2006–2010 మధ్య 40 నుంచి 69 ఏళ్ల వాళ్లు దాదాపు 5 లక్షల మంది చేరారు. ఎత్తు, బరువు దగ్గర్నుంచి నిద్ర, తిండి, రక్తపరీక్షల దాకా వాళ్లవి వేల వివరాలున్నాయి. ఒక జన్యు తేడాకి వీటిలో దేనిదేనితో అసోసియేషన్ ఉందో చేత్తో ఒక్కొక్కటే చూడటం అయ్యే పని కాదు కాబట్టి బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు ఫెసాంట్ అనే సాఫ్ట్‌వేర్ చేశారు, అది ప్రతి వివరమూ కొలతా, అవును-కాదు జవాబా, తక్కువ-మధ్యస్థం-ఎక్కువ లాంటి వరుసా అని తనే తేల్చుకుని దానికి తగ్గ రిగ్రెషన్ (ఒకటి మారితే రెండోది ఎంత మారుతుందో చూసే లెక్క) వేస్తుంది.

'సంబంధం ఉంది' అని రాస్తే అత్తయ్య వెంటనే "అయితే దీనివల్లే అది వస్తుందన్నమాట" అన్నారు. చిక్కంతా అక్కడే. ఏం రాయను?

జవాబు, విజయవాడ నుంచి:
'పొంతన' బావుంటుందండీ. జాతకాల పొంతన అంటాం, ఒక జాతకం వల్ల ఇంకోటి పుట్టిందని ఎవరూ అనుకోరు.

గుంటూరు:
నాకూ నచ్చింది. కానీ ఒకటి పెరిగితే రెండోది తగ్గడం కూడా అసోసియేషనే కదా, దాన్ని పొంతన అంటే చెవికి తేడాగా ఉంది.

ఇంకో జవాబు:
తర్కశాస్త్రంలో 'సాహచర్యం' ఉందమ్మా. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, అలాగని పొగ వల్ల నిప్పు పుట్టలేదు. ఆ మాట కలిసి కనిపించడం వరకే చెబుతుంది, కారణం జోలికి పోదు. ఎక్కువతో తక్కువ కలిసి వచ్చినా సాహచర్యమే.

గుంటూరు:
ధన్యవాదాలు మాస్టారూ, పొగ-నిప్పు అనగానే అత్తయ్యకి తెలిసిపోయింది! దీనికి జత మాట కూడా దొరికింది. 20,000 వివరాల్ని 0.05 హద్దుతో (అంటే ఏమీ లేకున్నా నూటికి ఐదుసార్లు ఉన్నట్టు తేలే హద్దుతో) చూస్తే, అసలు ఏ సాహచర్యమూ లేకున్నా 1,000 దాకా ఉన్నట్టే తేలతాయి. కాకి వాలింది, తాటిపండు పడింది, అచ్చంగా కాకతాళీయం. అందుకే హద్దుని 20,000తో భాగించి 0.0000025కి దించుతారు.

ఇక ట్రెయిట్ అనే మాట మిగిలింది, అంటే ఎత్తు, బరువు, నిద్ర లాంటి, మనిషి గురించి నమోదు చేసే ఒక్కో విషయం. 'లక్షణం' అంటే జబ్బు లక్షణం అనుకుంటున్నారు, 'గుణం' అంటే మందు గుణమిచ్చిందా అని అడుగుతున్నారు. ప్రస్తుతానికి 'వివరం' అని సరిపెట్టాను, ఇంతకంటే మంచిది తెలిస్తే ఆదివారం లోపు చెప్పండి.