అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో రోడ్ల పక్కన చరిత్ర బోర్డులు ఎలా మొదలయ్యాయి?

ప్రశ్న:
రూట్ 1 హైవే మీద రాజధాని రిచ్‌మండ్ వైపు వెళ్తుంటే వెండి రంగు బోర్డులు కనిపిస్తాయి. నల్లటి అక్షరాలు, ఒక కోడ్ నంబర్. ఎక్కడ కనిపించినా కారు ఆపి చదువుతాను. వీటిని ఎవరు మొదలుపెట్టారు? ఆ కోడ్ ఏంటి?

జవాబు 1:
మీరు సరిగ్గా ఆ బోర్డులు పుట్టినచోటే ఉన్నారండీ! 1926లో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కన్జర్వేషన్ కమిషన్ 1927లో తొలి బోర్డులు పెట్టింది రూట్ 1 మీదే. కార్లు పెరుగుతున్న రోజులవి, టూరిస్టులను రప్పించాలని ఆలోచన. మాటలు రాయించే పని చరిత్రకారుడు హామిల్టన్ ఎకెన్‌రోడ్ చూశారు. కోడ్‌లో అక్షరం మొదట్లో రోడ్డును బట్టి ఇచ్చారు, అంకె ఆ వరుసలో బోర్డుది. పాత బోర్డుల్లో రెండు మూడు వాక్యాలే ఉంటాయి.

జవాబు 2:
పాతవాటిలో అమెరికా అంతర్యుద్ధం గొడవే ఎక్కువ. సైన్యం ఎటు వెళ్లింది, ఎక్కడ దిగింది, అంతే. నాకు నచ్చేవి తర్వాతవి. ఫార్మ్‌విల్‌లో నల్లజాతి పిల్లల బడి మోటన్ హైస్కూల్ బోర్డు తప్పకుండా చూడండి. 1951లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి అక్కడ విద్యార్థుల సమ్మె నడిపింది. దాని నుంచి పుట్టిన కేసు, నల్లజాతి పిల్లలను వేరే బడుల్లో పెట్టడం చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పులో కలిసింది. ఇలాంటివి ఇంకా రావాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. కొత్తది మనం అడగొచ్చా?

జవాబు 1:
అడగొచ్చు. ఖర్చు అడిగినవాళ్లదే. ఆధారాలు జతచేయాలి, రాష్ట్ర హిస్టారిక్ రిసోర్సెస్ బోర్డు ఒప్పుకోవాలి.