పేదింటి పిల్లలకు కరువైనది ఆశా, ఆసరానా?

సైన్స్ టీచర్:
స్టాఫ్‌రూమ్‌లో తరచూ వినపడే ఒక మాటను చర్చకు పెడుతున్నాను. "వాళ్లింట్లో ఎవరూ చదువుకోలేదు, అందుకే పిల్లాడికి పెద్ద లక్ష్యాలు లేవు. మనమేం చేయగలం?" ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం అన్యాయం అని నా వాదన.

ముందు నిజం సంగతి. ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సంస్థ ఓఈసీడీ, 15 ఏళ్ల పిల్లల మీద జరిపే పీసా అనే చదువుల సర్వే 2018 ఫలితాలు చూడండి. ఆ సంస్థ సభ్యదేశాల సగటు ఇది. బాగా చదివే పిల్లలనే తీసుకున్నా, కలిగిన ఇళ్ల వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది కాలేజీ చదువు పూర్తి చేస్తామనే అనుకుంటున్నారు. లేని ఇళ్ల వాళ్లలో ఏడుగురే అలా అనుకుంటున్నారు. ఇద్దరూ చదువులో పైవాళ్లే, అయినా ఈ తేడా.

ఫ్రెంచ్ సామాజికవేత్త రేమండ్ బూడాన్ 1974లోనే దీన్ని రెండుగా విడదీసి చూపించాడు. ఇంటి నేపథ్యం మొదట మార్కుల మీద పనిచేస్తుంది. తర్వాత, మార్కులు సమానంగా ఉన్న చోట కూడా, ఏ చదువు ఎంచుకోవాలనే నిర్ణయం మీద ఇంకోసారి పనిచేస్తుంది. నా బాధ ఈ రెండో దెబ్బ గురించే. సామాజికవేత్తలు రిచర్డ్ బ్రీన్, జాన్ గోల్డ్‌థార్ప్ 1997లో దీనికి ఇచ్చిన వివరణ నాకు చాలా సబబుగా తోస్తుంది. ఏ కుటుంబమైనా ముందు చూసుకునేది పిల్లలు తమకంటే కిందికి జారిపోకూడదని. డాక్టర్ గారి అబ్బాయి జారకుండా ఉండాలంటే పెద్ద చదువు తప్పదు. కూలికి వెళ్లే మనిషి కొడుక్కి చిన్న కోర్సు, దాని వెంటనే ఒక ఉద్యోగం ఉంటే చాలు. పెద్ద చదువులో చేరి అది మధ్యలో ఆగిపోతే ఉన్నదీ పోతుంది. చిన్న లక్ష్యం పెట్టుకున్న ఆ పిల్లవాడికి లెక్క బాగా తెలుసు.

మా క్లాసులో ఒకమ్మాయి 'ఏం కావాలనుకుంటున్నావు' అన్న ప్రశ్నకు 'మైక్రోబయాలజిస్ట్' అని తప్పు లేకుండా రాసింది. తర్వాత రబ్బరుతో చెరిపి, దాని మీదే 'ఏదైనా ఉద్యోగం' అని రాసి ఇచ్చింది. చెరిపిన అక్షరాలు కాగితం మీద కనిపిస్తూనే ఉన్నాయి. ఆశ లేని పిల్ల ఇచ్చే కాగితమా అది?

స్టాటిస్టిక్స్ లెక్చరర్:
టీచర్ గారూ, మీ బాధ అర్థమైంది, వాదనతో మాత్రం ఏకీభవించలేను. ఆశ దానంతటదే పుట్టదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1957లో హైస్కూలు ముగించిన పదివేల మందికి పైగా విద్యార్థులను దశాబ్దాల పాటు గమనించారు. విలియం స్యూవెల్ బృందం 1969లో తేల్చిన విషయం ఏమిటంటే, ఇంటి స్థితిగతులు పిల్లల లక్ష్యాల మీద పనిచేసేది ఎక్కువగా చుట్టూ ఉన్న మనుషుల ద్వారానే. అమ్మానాన్నల ప్రోత్సాహం, టీచర్ల ప్రోత్సాహం, స్నేహితులు కాలేజీకి వెళ్లాలనుకుంటున్నారా లేదా అన్నది. ఆ మాట చెప్పేవాళ్లు లేని ఇంట్లో ఆశ చిన్నగానే ఉంటుంది.

ఆశను పెంచొచ్చనడానికి కూడా రుజువు ఉంది. పశ్చిమ బెంగాల్‌లో పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడోవంతు మహిళలకు కేటాయించారు కదా. రెండు ఎన్నికల పాటు మహిళా అధ్యక్షులున్న ఊళ్లలో, కొడుకు చదువు మీద పెట్టుకునే ఆశకూ కూతురి చదువు మీద పెట్టుకునే ఆశకూ మధ్య ఉన్న తేడా తల్లిదండ్రుల్లో 25 శాతం, పిల్లల్లో 32 శాతం తగ్గింది. ఆడపిల్లలు చదువులో మగపిల్లలతో సమానమయ్యారు. ఎస్తర్ డఫ్లో, రోహిణీ పాండే తదితరులు 2012లో ప్రచురించిన ఫలితాలివి. కళ్లెదుట ఒక మనిషి కనిపించడం వల్లే ఈ మార్పు వచ్చిందని వాళ్ల వివరణ. మరి ఆశ కొరతే లేదని ఎలా అంటాం?

ఇద్దరు పిల్లల తల్లి:
నేను చదువుకున్న ఇంటి నుంచి రాస్తున్నానండీ. మా దగ్గర ఆశకు కొదవ లేదు. మనశ్శాంతికే కరువు.

మా పెద్దవాడు మార్కుల షీటు చేతికిచ్చే ముందు "అమ్మా, ముందు నువ్వు కూర్చో" అంటాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు నన్ను ఓదార్చడానికి సిద్ధపడి వస్తున్నాడు. అది వాడి మంచితనం అని మురిసిపోలేను, నా టెన్షన్ వాడి మీద ఎంత బరువుగా ఉందో తెలుస్తోంది కాబట్టి. మా వారి కుటుంబంలో అందరూ పెద్ద చదువుల వాళ్లే. వాడు అంతకంటే ఒక మెట్టు తక్కువలో ఆగితే ఎవరూ పైకి ఏమీ అనరు. అయినా ఆ మెట్టు వాడికి తెలుసు, నాకూ తెలుసు.

లెక్చరర్ గారు ప్రోత్సాహం అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. జర్మనీలోని బవేరియాలో మూడున్నర వేల మంది విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించి, కౌ మురయామా బృందం 2016లో ఒక పరిశోధన ప్రచురించింది. తల్లిదండ్రులు ఆశ పెట్టుకుంటే పిల్లల లెక్కల మార్కులు పెరిగాయి. కానీ వీడు నిజంగా ఎంత తెచ్చుకోగలడని తామే అనుకుంటున్నారో, దాన్ని మించి ఆశ పెట్టుకున్న చోట మార్కులు తగ్గాయి. మా లాంటి ఇళ్లలో జరిగేది ఈ రెండోదే. కలిగిన ఇళ్ల పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా ఉంటున్నాయని మనస్తత్వవేత్త సునియా లూథర్ ఎన్నో ఏళ్ల క్రితమే చెప్పారు. కాబట్టి పేదింటి పిల్లలకు ఆశ పెంచుదాం అనేవాళ్లు, ఎంత పెంచుదాం, దాన్ని మోసేది ఎవరు అని కూడా ఆలోచించాలి.

ఇంట్లో మొదటి డిగ్రీ:
మా నాన్నకు నా చదువు మీద ఉన్న ఆశ ఇక్కడ రాస్తున్న ఎవరి ఆశకూ తీసిపోదు. ఆయన ఆగిపోయింది స్కాలర్‌షిప్ ఫారంలో ఆదాయం కాలమ్ దగ్గర. నెలకు రాయాలా, ఏడాదికి రాయాలా? పని దొరకని నెలలను ఎలా లెక్కపెట్టాలి? తప్పు రాస్తే ఏమవుతుంది? కౌంటర్‌లో అడిగితే "అన్నీ నోటీసులో ఉన్నాయి, చదువుకోండి" అన్నారు. నాన్న ఆ నోటీసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికొచ్చాక నా చదువు గురించి అడగడం తగ్గించేశాడు. అడిగితే నేను తిరిగి ఏదైనా అడుగుతానేమో, తనకు తెలియదని చెప్పాల్సి వస్తుందేమోనని. స్కూల్లో వాళ్లకు అది నిర్లక్ష్యంగా కనిపించింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. అమెరికాలో ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో ఎరిక్ బెట్టింగర్ తదితరులు ఒక ప్రయోగం చేశారు. పన్ను లెక్కలు వేయించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాలకు అక్కడికక్కడే, ఆ లెక్కలతోనే, కాలేజీ ఆర్థికసాయం ఫారం నింపి పెట్టారు. నిమిషాల పని. హైస్కూలు చివరి ఏడాది పిల్లల్లో, ఆ తర్వాత మూడేళ్లలో కనీసం రెండేళ్ల కాలేజీ చదువు పూర్తి చేసినవాళ్లు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. ఇంకొన్ని కుటుంబాలకు సమాచారం మాత్రం ఇచ్చి పంపారు. వాళ్లలో ఏ మార్పూ లేదు.

ఆ రెండో గుంపును దయచేసి గమనించండి. కరపత్రం చేతిలో పెట్టి "ఇక మీ ఇష్టం" అనడం సాయం కిందికి రాదు. నాన్నకు నోటీసు దొరికింది. నోటీసు పక్కన మనిషి దొరకలేదు.

స్టాటిస్టిక్స్ లెక్చరర్:
మీ నాన్నగారి గురించి రాసింది చదివి మనసు కలతపడింది. అయినా అంకెల విషయంలో ఒక మాట అనక తప్పదు. 36 శాతం పూర్తి చేశారంటే 64 శాతం చేయలేదు. ఫారం నింపి పెట్టినా రాని ఆ మిగతావాళ్లను ఆపింది ఏమిటి?

ఇంకో లెక్క కూడా కలపండి. నార్వేలో నిర్బంధ విద్యను ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్లకు పెంచారు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో ఏడాది అమలైంది కాబట్టి పోల్చి చూడటం కుదిరింది. అలా అదనంగా చదివిన తల్లిదండ్రుల పిల్లలు తామూ ఎక్కువ చదివారా అని బ్లాక్, డెవెరూ, సాల్వనెస్ 2005లో లెక్కతీస్తే, తల్లి చదువు కొడుకు మీద చూపిన కొద్దిపాటి ప్రభావం తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. తల్లిదండ్రులు స్కూల్లో ఇంకో రెండేళ్లు గడిపితే ఇంటి వాతావరణం మారిపోదు. దాన్ని మార్చేది అంచనాలు, పరిచయాలు, రోజూ వినపడే మాటలు. నా పట్టు అక్కడే.

సైన్స్ టీచర్:
ఆ 64 శాతం మందికి ఆశ లేదని మీరు ఊహిస్తున్నారు. డబ్బు ఇబ్బంది అని నేనంటాను. డబ్బు ఇబ్బంది ఫీజు దగ్గరే ఆగదు కూడా. 1980ల వ్యవసాయ సంక్షోభం తర్వాత అమెరికాలోని అయోవా రాష్ట్రంలో గ్రామీణ కుటుంబాలను ర్యాండ్ కాంగర్, గ్లెన్ ఎల్డర్ గమనించారు. బిల్లులు కట్టలేని స్థితి ముందు తల్లిదండ్రులను కుంగదీసింది. ఆ కుంగుబాటు భార్యాభర్తల మధ్య గొడవలుగా, పిల్లల మీద విసుగుగా మారింది. పిల్లల చదువు, మానసిక స్థితి దెబ్బతిన్నది ఆ తర్వాతే. మీరు చెప్పిన 'రోజూ వినపడే మాటలు' ఇంట్లోకి ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. నెలాఖరులో అప్పులవాళ్లకు జవాబు చెప్పుకుంటున్న మనిషి నోటి నుంచి ప్రోత్సాహం అంత తేలిగ్గా రాదు.

తల్లి గారూ, మీరు రాసిన టెన్షన్ కూడా నిజమే. అయితే రెండిళ్ల టెన్షన్‌నూ ఒకే గాటన కట్టలేను. మీ అబ్బాయి ఒక మెట్టు తక్కువలో ఆగినా మీ ఇల్లు నిలబడుతుంది. మా క్లాసులో రాసింది చెరిపేసిన ఆ అమ్మాయి ఒక ఏడాది పోగొట్టుకుంటే వాళ్ల ఇంట్లో తమ్ముడి చదువు ఆగుతుంది.

ఎస్తర్ ఫ్రీడ్‌మన్, రాబర్ట్ మేర్ 2014లో చూపించినట్టు, అమెరికాలో పిల్లలు ఎక్కువ చదివిన తల్లిదండ్రులు, తమ సొంత చదువును లెక్కలోంచి పక్కనపెట్టి చూసినా, ఎక్కువ కాలం బతికారు. పిల్లల చదువు పెద్దవాళ్ల ఆయుష్షుతో కూడా ముడిపడి ఉందన్నమాట. అందుకే ఈ విషయాన్ని స్టాఫ్‌రూమ్ నిట్టూర్పుతో వదిలేయడం నాకు చేతకాదు.

ఇద్దరు పిల్లల తల్లి:
ఒకే గాటన కట్టొద్దన్నది నిజమేనండీ. మరి స్కూలు వైపు నుంచి రేపు ఏం చేస్తారు?

సైన్స్ టీచర్:
ఫారాలు నింపే రోజున తల్లిదండ్రులను వరండాలో నిలబెట్టకుండా గదిలోకి పిలుస్తాం. ఒక్కో కుటుంబం పక్కన ఒకరం కూర్చుని, ఆఖరి సంతకం దాకా ఉంటాం. ఆ అమ్మాయి వాళ్లమ్మతో మొదలుపెడతాను.

స్టాటిస్టిక్స్ లెక్చరర్:
అలాగే చేయండి. కానీ అదే గదికి, అలాంటి ఇంటి నుంచి వచ్చి ల్యాబ్‌లో పనిచేస్తున్న ఒక మహిళను కూడా పిలవండి. ఆ అమ్మాయి రబ్బరు తీసింది ఫారం చూసి కాదు. అలాంటి ఉద్యోగం చేసే మనిషిని తను ఎప్పుడూ చూడకపోవడం వల్ల అని నేను ఇప్పటికీ అంటాను.