వికలాంగుల పాత్రలను వికలాంగులే పోషించాలా?

ప్రశ్న:
టీవీ సీరియళ్లలో చూపులేని పాత్రలను, వీల్‌చైర్‌లో ఉండే పాత్రలను దాదాపు ఎప్పుడూ వైకల్యం లేని నటులే పోషిస్తున్నారు. దీన్ని నటనలో భాగంగా చూడాలా, లేక ఒకరికి దక్కవలసిన అవకాశం మరొకరికి పోతోందని భావించాలా?

మొదటి అభిప్రాయం:
తాను కాని మనిషిగా కనిపించడమే నటన. డాక్టరు పాత్రకు డాక్టరే కావాలని మనం అడగము కదా. పైగా వారంలో ఆరు రోజులు ప్రసారమయ్యే సీరియల్‌కు చేయి తిరిగిన నటులు అవసరం.

రెండవ అభిప్రాయం:
డాక్టరుకు ఆసుపత్రిలో పని ఉంటుంది. వికలాంగ నటులకు ఈ పాత్రలూ ఇవ్వకపోతే ఇక మిగిలేదేమీ ఉండదు కనుక ఆ పోలిక కుదరదు. అయితే నా అభ్యంతరం కథ దగ్గరే మొదలవుతుంది. ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన కోడలికి, భర్త ప్రాణం మీదికి వచ్చిన ఘట్టంలో బొటనవేలు కదులుతుంది, ఆమె లేచి నిలబడుతుంది. లేదా నడవలేనట్టు నటిస్తున్న విలన్ గుట్టు రట్టవుతుంది. ఈలోగా ఆమె మంచం మీది నుంచి కుర్చీలోకి ఎలా మారుతుందో, స్నానాలగది గడప ఎలా దాటుతుందో ఒక్క ఎపిసోడ్‌లోనూ చూపరు. చక్రాలను తన చేతులతో తానే తిప్పుకోవడం కూడా అరుదే. వెనుక ఎవరో ఒకరు నెడుతూనే ఉంటారు.

ఒక హిందీ చిత్రంపై వచ్చిన పిటిషన్‌లో 2024 జులై 8న సుప్రీంకోర్టు దృశ్యమాధ్యమాలకు మార్గదర్శకాలు ఇస్తూ, వికలాంగులను గేలి చేయడమే కాదు, వారిని అసాధారణ శక్తులున్నవారిగా చూపడమూ సరికాదని, చిత్రీకరణలో వారిని భాగస్వాములను చేయాలని చెప్పింది. మన సీరియల్ రచయితలు చదవవలసిన తీర్పు అది.

మొదటి అభిప్రాయం రాసినవారు:
కథల విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ నిర్మాతలు రిస్కు తీసుకుంటారా?

రెండవ అభిప్రాయం రాసినవారు:
తీసుకున్నవారు ఉన్నారు. 1981లో ప్రమాదం తరువాత కాలు కోల్పోయి, జైపూర్ కాలు అనే కృత్రిమ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్ తన జీవితకథ ఆధారంగా వచ్చిన ‘మయూరి’లో తానే నటించారన్నది తెలుగువారికి తెలిసిందే. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది 2001లో మొదలైన ‘కహీ కిసీ రోజ్’ అనే హిందీ సీరియల్‌లో ఆమె వేసిన రమోలా సికంద్ పాత్ర. అది ఆమె కాలి చుట్టూ అల్లిన పాత్ర కాదు. ఇంటిల్లిపాదినీ శాసించే అత్త. ఆమె పెట్టుకున్న రకరకాల బొట్ల గురించి జనం నేటికీ చెప్పుకుంటారు. బ్రిటన్‌లో వీల్‌చైర్ వాడే లిజ్ కార్ 2013 నుంచి 2020 వరకు ‘సైలెంట్ విట్‌నెస్’ అనే టీవీ సీరియల్‌లో ఫోరెన్సిక్ నిపుణురాలిగా నటించారు. మన సీరియళ్లలోనూ వకీలుగానో, ఆడపడుచుగానో, పక్కింటావిడగానో వికలాంగ నటులకు వేషాలివ్వాలి. అందుకు ముందుగా సెట్‌లో ర్యాంపు, వారు వాడుకోగల మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలి.